గల్ఫ్‌లో వాట్సాప్ కాల్ ఎందుకు కలవదు? ఆపేవాళ్లే వింటున్నారా?

జగిత్యాల_పోరడు

అందరికీ నమస్కారం, తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. మా బావ షార్జాలో సెంట్రింగ్ పనికి పోయిండు. వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది, ఫొటోలు వస్తున్నాయి, వాయిస్ మెసేజ్ కూడా వస్తుంది. కాల్ చేస్తే మాత్రం ఇక్కడ రింగ్ అవుతుంది, ఎత్తితే కనెక్టింగ్ అని తిరిగి తిరిగి కట్ అవుతుంది. రూంలో ఒకరు ఫ్రీ వీపీఎన్ (మన నెట్‌ని వేరే చోటి సర్వర్ మీదుగా తిప్పే యాప్) వేసుకో అన్నారట, ఇంకొకరేమో దొరికితే 20 లక్షల దిర్హమ్‌ల జరిమానా అని భయపెట్టారట. మా అక్క ఒకటే టెన్షన్ పడుతోంది. ఒకే యాప్‌లో సగం నడిచి సగం ఆగిపోవడం ఎట్లా కుదురుతుంది? వీపీఎన్ వాడొచ్చా, వద్దా?

నెట్‌వర్క్_శీను

తమ్ముడూ, యాప్ ఒకటే కానీ మెసేజ్ పోయే దారి వేరు, కాల్ పోయే దారి వేరు. మెసేజ్ మామూలు వెబ్‌సైట్ ట్రాఫిక్‌లాగే ఎన్‌క్రిప్ట్ అయి (మధ్యలో ఎవరూ చదవలేని రూపంలోకి మారి) వాట్సాప్ సర్వర్‌కి పోతుంది, రెండు మూడు సెకన్లు లేటైనా ఎవరికీ తెలియదు. వాయిస్ మెసేజ్ కూడా ఒక ఫైలే కాబట్టి అదే దారిలో పోతుంది. కాల్ అలా ఆగి ఆగి పోతే కుదరదు, మాట చిన్న చిన్న ప్యాకెట్లుగా సెకనుకి పదుల సంఖ్యలో, ఎక్కువగా యూడీపీ (చేరిందో లేదో చూడకుండా ప్యాకెట్లు వెంటవెంటనే పంపే పద్ధతి) మీద, రెండు వైపులా ఆగకుండా నడవాలి. లోపల ఏం మాట్లాడుకుంటున్నారో టెలికం కంపెనీకి వినపడదు, కానీ ప్యాకెట్ల సైజు, వేగం, అవి పోయే అడ్రస్ చూస్తే ఇది కాల్ అని తేలిగ్గా తెలిసిపోతుంది. దానికోసమే నెట్‌వర్క్ మధ్యలో డీప్ ప్యాకెట్ ఇన్‌స్పెక్షన్ పెట్టెలు ఉంటాయి. ఫలానా రకం ట్రాఫిక్ కనిపిస్తే పడేయమని వాటికి రూల్ రాసిపెడతారు. ఫోన్ మోగడానికి కావలసిన కబురు మెసేజ్ దారిలో వస్తుంది కాబట్టి మోగుతుంది. ఎత్తాక మాట పోవాల్సిన దారి మూసి ఉంటుంది. మీ అక్కకి కనిపిస్తున్న కనెక్టింగ్ అదే.

ఎందుకు ఆపారంటే, యూఏఈలో టెలికం అంటే రెండే కంపెనీలు, ఎతిసలాత్, డు. రెండింటిలోనూ ప్రభుత్వానికి పెద్ద వాటా ఉంది. ఇంటర్నెట్ కాల్స్‌కి లైసెన్స్ ఉండాలని అక్కడి రెగ్యులేటర్ రూల్ పెట్టింది, వాట్సాప్ కాల్‌కి, ఫేస్‌టైమ్‌కి ఆ లైసెన్స్ లేదు. 2018 ప్రాంతంలో బోటిమ్ లాంటి లైసెన్స్ ఉన్న కాలింగ్ యాప్‌లో మాట్లాడాలంటే మొబైల్‌కి నెలకి 50 దిర్హమ్‌ల ప్యాకేజీ తీసుకోవాల్సి వచ్చేది. వెయ్యి దిర్హమ్‌లు చేతికొచ్చేవాడికి 50 అంటే చిన్న మొత్తం కాదు. సౌదీలో ఇదే నిషేధం ఉండేది, 2017 సెప్టెంబర్‌లో చాలావరకు ఎత్తేశారు. కరోనా టైంలో యూఏఈ కూడా జూమ్, టీమ్స్ లాంటివి వదిలింది, ఆఫీసు పనులు ఆగకూడదు కదా. కూలీ ఇంటికి మాట్లాడే వాట్సాప్ కాల్ మాత్రం వదల్లేదు. నాకు ఇక్కడే మండుతుంది.

వీపీఎన్ సంగతి. 2021లో వచ్చిన 34వ నంబర్ చట్టం ప్రకారం నేరం చేయడానికో, నేరం బయటపడకుండా దాచడానికో ఐపీ అడ్రస్ (నెట్‌లో మన ఫోన్ చిరునామా, వీపీఎన్ మార్చేది దాన్నే) మార్చుకుంటే 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హమ్‌ల జరిమానా, జైలు కూడా. కంపెనీలు ఆఫీసు పనికి వాడే వీపీఎన్ తప్పు కాదు. కానీ ఆపేసిన కాల్ సర్వీస్ వాడుకోవడానికి పెట్టుకుంటే అది దేని కిందికి వస్తుందో తేల్చేది పోలీసు, కోర్టు. అది మీ బావ మీద ప్రయోగం చేసి చూడొద్దు. అందులోనూ ఫ్రీ వీపీఎన్ అసలే వద్దు. ఫేస్‌బుక్ చేతిలో ఒనావో అనే ఫ్రీ వీపీఎన్ ఉండేది, జనం ఏ యాప్ ఎంతసేపు వాడుతున్నారో అంతా దాంట్లోంచి చూసేవాళ్లు. ఆపిల్ 2018లో దాన్ని స్టోర్ నుంచి తీసేయించింది. అంత పెద్ద కంపెనీయే అలా చేస్తే పేరూ ఊరూ లేని ఫ్రీ వీపీఎన్ వాడు ఏం చేస్తాడో ఊహించుకోండి. లైసెన్స్ ఉన్న యాప్‌లో మాట్లాడుకోమనండి.

మెట్‌పల్లి_అక్క

లైసెన్స్ ఉన్న యాప్ వాడమని చెప్పడం తేలికే శీనూ, కానీ దాంట్లో ఏముంటదో కూడా చెప్పు. మా ఆయన దుబాయ్‌లో ఉన్నప్పుడు 2019లో టోటాక్ అని ఒక యాప్ వచ్చింది. టిక్‌టాక్ కాదు, టోటాక్. వీడియో కాల్ ఫ్రీ, ప్యాకేజీ అక్కర్లేదు, వీపీఎన్ అక్కర్లేదు, బొమ్మ అద్దంలా కనిపించేది. అన్నీ ఆగిపోయిన చోట ఇదొక్కటి ఎందుకు నడుస్తుందని మేమెవరం అడగలేదు. రూంలో అందరూ వేసుకున్నారు, ఇక్కడ మా అత్తమ్మ ఫోన్‌లో, మా చెల్లె ఫోన్‌లో, చివరికి మా వీధిలో గల్ఫ్ పోయినవాళ్లున్న ప్రతి ఇంట్లో అదే. పిల్లలకి స్నానం చేయించేటప్పుడు కూడా ఫోన్ గోడకి ఆనించి ఆయనకి చూపించేదాన్ని. ఆ డిసెంబర్‌లో అది యూఏఈ ప్రభుత్వ గూఢచారి యాప్ అని న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిందని, ఆపిల్, గూగుల్ తీసేశాయని మా తమ్ముడు చెప్పిండు. కంపెనీ కాదన్నది. కానీ నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తది.

నెట్‌వర్క్_శీను

అక్కా, మీరు చెప్పిందే ఈ మొత్తం కథలో అన్నిటికంటే ముఖ్యమైన ముక్క. ఆ యాప్‌ని పాట్రిక్ వార్డిల్ అనే ఆయన, ఒకప్పుడు అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏలో పనిచేసిన నిపుణుడు, విప్పి చూశాడు. అందులో దొంగదారి లేదు, వైరస్ లేదు, ఫోన్‌ని హ్యాక్ చేసే కోడ్ ఏదీ లేదు. యాప్ చెప్పింది చెప్పినట్టే చేస్తోంది. వాతావరణం చూపిస్తానని లొకేషన్ అడిగింది, స్నేహితులని వెతికిపెడతానని కాంటాక్టులు అడిగింది, కాల్ కోసం మైకు, కెమెరా అడిగింది, జనమే ఓకే నొక్కి ఇచ్చారు. ఇంక హ్యాకింగ్‌తో పనేముంది?

అందుకే నేను అడ్డుకోవడాన్నీ నిఘానీ వేరు వేరుగా చూడను. మిగతా తలుపులన్నీ మూసి ఒక్క తలుపు తెరిచిపెడితే అందరూ దాంట్లోంచే పోతారు, అక్కడ ఒక మనిషిని నిలబెడితే సరిపోతుంది. చైనాలో ఇదే జరిగింది. అక్కడ వాట్సాప్ 2017లో ఆగిపోయింది, అప్పటికే దేశం మొత్తం వీచాట్ అనే అక్కడి యాప్ మీద ఉంది. డబ్బులు కట్టడం, డాక్టర్ అపాయింట్‌మెంట్, ఇంటి అద్దె, ముచ్చట్లు అన్నీ అందులోనే. ఇరాన్‌లో 2019 నవంబర్‌లో పెట్రోలు ధర పెంచినప్పుడు జనం రోడ్డెక్కితే దాదాపు వారం పాటు బయటి ఇంటర్నెట్ కోసేశారు, కానీ బ్యాంకులు, లోపలి సైట్లు దేశీయ నెట్‌వర్క్ మీద నడుస్తూనే ఉన్నాయి. ముందే లోపల ఒక నెట్ కట్టిపెట్టుకున్నారు కాబట్టి బయటిది కోసినా ప్రభుత్వానికి పెద్దగా నొప్పి తెలియలేదు. 2011 జనవరిలో ఈజిప్టుకి ఆ ఏర్పాటు లేదు, దేశమంతా ఆపితే వాళ్ల వ్యాపారాలు కూడా ఆగాయి, ఐదు రోజులకే తెరవాల్సి వచ్చింది. తర్వాత వచ్చినవాళ్లు దాని నుంచి పాఠం బాగా నేర్చుకున్నారు.

అబుదాబి_పాతకాపు

చాలా ఏళ్లు అక్కడ స్టోర్ కీపర్‌గా చేసి నిజామాబాద్ తిరిగొచ్చేశాను, అందుకే ధైర్యంగా రాస్తున్నా. అహ్మద్ మన్సూర్ అనే ఆయన పేరు ఇక్కడ ఎందరు విన్నారో తెలియదు. యూఏఈ పౌరుడు, మానవ హక్కుల మనిషి. 2016 ఆగస్టులో ఆయన ఐఫోన్‌కి ఒక ఎస్ఎంఎస్ వచ్చింది, జైళ్లలో చిత్రహింసల గురించి కొత్త రహస్యాలు, ఈ లింక్ నొక్కండి అని. ఆయన నొక్కలేదు. దాన్ని టొరంటోలోని సిటిజన్ ల్యాబ్ అనే పరిశోధన సంస్థ వాళ్లకి పంపాడు. వాళ్లు చూస్తే లింక్ వెనక ఇజ్రాయెల్ కంపెనీ ఎన్ఎస్ఓ వాళ్ల పెగాసస్ అనే గూఢచారి సాఫ్ట్‌వేర్ ఉంది, నొక్కి ఉంటే మైకు, కెమెరా, మెసేజ్‌లు మొత్తం వాళ్ల చేతిలోకి పోయేవి. ఆపిల్‌కి చెబితే కొద్ది రోజుల్లోనే 9.3.5 అప్‌డేట్ ఇచ్చి మూడు లోపాలు మూసింది. ప్రపంచంలో కోట్ల ఫోన్లు ఆ ఒక్క మనిషి వేలు ఆపుకోవడం వల్ల బాగుపడ్డాయి. ఆయన్ని 2017 మార్చిలో అరెస్టు చేశారు, మరుసటి ఏడు మేలో పదేళ్ల శిక్ష వేశారు. సోషల్ మీడియాలో రాసినవాటికి. 2024లో ఇంకో కేసులో ఇంకో పదిహేనేళ్లు. ఆయన లోపల ఉన్నాడు, మనం అప్‌డేట్ అయిన ఫోన్లు వాడుకుంటున్నాం. ఈ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు నిద్ర పట్టదు.

జగిత్యాల తమ్ముడూ, మీ బావకి వీపీఎన్ కంటే ముందు ఇంకోటి చెప్పు. మనవాళ్లెవరైనా క్యాంపులో చనిపోతే శవాన్ని ఊరికి పంపడానికి గ్రూపులో చందా మెసేజ్ పెట్టేస్తాం, అది మన అలవాటు, మంచి అలవాటే. అక్కడ లైసెన్స్ లేకుండా ఆన్‌లైన్‌లో విరాళాలు అడగడం నేరం. కాన్సులేట్ ద్వారానో, అనుమతి ఉన్న సంస్థ ద్వారానో చేయాలి. ఎవరి ఫొటో అయినా అడగకుండా తీసి గ్రూపులో పెట్టడం కూడా కేసే. కొత్తగా పోయినవాళ్లకి ఇవి ఏజెంటు చెప్పడు.

రిటైర్డ్_ఎస్సై

అందరూ ఒకవైపే రాస్తున్నారు కాబట్టి రెండోవైపు కూడా చెప్పనివ్వండి. నేను ముప్పై ఏళ్లకు పైగా ఖాకీ వేసుకున్నవాణ్ణి. 2018లో పిల్లలని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందని వాట్సాప్‌లో వచ్చిన వీడియోల వల్ల దేశంలో ఎంతమంది అమాయకులని కొట్టి చంపారో గుర్తుందా? మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో జులై 1న ఐదుగురిని చంపారు, పొట్ట చేత పట్టుకుని తిరిగే సంచార జాతివాళ్లు. మన దగ్గర కూడా పార్థీ గ్యాంగ్ అని రాత్రిళ్లు కర్రలు పట్టుకుని కాపలా కాసిన ఊళ్లు ఎన్నో. అలాంటి రాత్రి ఒక పోలీసు అధికారి నాలుగు గంటలు నెట్ ఆపమంటే తప్పు పడతారా? ప్రాణం ముందా, వాట్సాప్ ముందా? రోడ్డు మీద గొడవ ఎలా ఉంటుందో ఏసీ గదిలో కూర్చుంటే తెలియదు.

లంక_అబ్బాయి

ఎస్సై గారూ, నాలుగు గంటలైతే ఎవరూ ఏమీ అనరండి. మాది కోనసీమ. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు మీద గొడవ జరిగింది, మంత్రి గారి ఇల్లు, ఎమ్మెల్యే గారి ఇల్లు తగలబెట్టారు, తప్పే, కాదనను. ఆ తర్వాత నెట్ ఆపేశారు. ఒక పూట కాదు, కొన్ని మండలాల్లో దాదాపు రెండు వారాలు. అప్పటికి మా ఊళ్లో సాఫ్ట్‌వేర్ వాళ్లంతా ఇళ్ల నుంచే పని చేస్తున్నారు. లాప్‌టాప్ బ్యాగులో పెట్టుకుని, పొద్దున్నే బండేసుకుని గోదావరి గట్టు మీదకి, సిగ్నల్ అవతల ఒడ్డు నుంచి తగిలే చోటుకి పోయేవాళ్లు. కొబ్బరి చెట్ల కింద గోనెసంచి వేసుకుని మీటింగ్‌లో మాట్లాడేవాళ్లు, గాలి చప్పుడుకి అవతలివాళ్లకి వినపడేది కాదు.

మా అమ్మ అప్పుడు మస్కట్‌లో ఇంటిపనికి వెళ్లింది. అక్కడ వాట్సాప్ కాల్ కలవదు, ఇక్కడ మెసేజ్ కూడా రాదు. టీవీలో అమలాపురం మంటలు చూసి ఆవిడకి మాకేమైందో తెలియదు, మామూలు ఐఎస్‌డీ కాల్ చేద్దామంటే యజమాని ఒప్పుకోవాలి. చివరికి వాళ్ల పక్కింట్లో పనిచేసే రాజోలు ఆవిడ ఫోన్ నుంచి చేసింది. ఎత్తగానే నా పేరు కూడా పిలవలేదు, ఏడుపే. రెండు వైపులా ఎవరో ఒకరు తీగ కోసేస్తే మధ్యలో ఉన్నవాళ్లు ఏమవ్వాలండీ?

పాలమూరు_టీచర్

ఎస్సై గారు చెప్పిన 2018కే నేనూ సాక్షిని. ఆయన భయం అబద్ధం కాదు, మా వైపు ఊళ్లలో సాయంత్రం ఆరు దాటితే పిల్లలని బయటికి వదిలేవాళ్లు కాదు. కానీ జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పుడు ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఏం చేశారో కూడా చెప్పుకోవాలి కదా. ఒక్కో ఊరికి ఒక్కో పోలీసుని కేటాయించారు, ఆ ఊరి మంచీ చెడ్డా అతనే చూసుకోవాలి. జనం అరుగుల మీద పడుకోవడం మానేసి తలుపులు వేసుకుంటున్నారని, ఎందుకో అని ఆరా తీస్తే ఈ వీడియోలు బయటపడ్డాయి. ఊరి వాట్సాప్ గ్రూపుల్లో పోలీసులు చేరారు. రాత్రిపూట డప్పు కొట్టించి, జానపద కళాకారులతో పాటలు కట్టించి, ఆ వీడియో అబద్ధమని వాడవాడలా చెప్పించారు. పోలీసులు కూడా పాడారు. నాలుగు వందలకు పైగా ఊళ్లు, ఒక్క హత్య జరగలేదు. దీని మీద బీబీసీ వాళ్లు కూడా రాశారు.

నెట్ ఆపలేదు. ఆపి ఉంటే వీడియో చూసినవాళ్లు చూసేసేవాళ్లు, అది అబద్ధమని చెప్పే కబురు మాత్రం చేరేది కాదు. పుకారుకి నెట్ అక్కర్లేదు సార్, నోరు చాలు. దాన్ని ఖండించడానికే నెట్ కావాలి, మనిషి కావాలి.

రిటైర్డ్_ఎస్సై

టీచర్ గారూ, గద్వాల పని గురించి డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు, గౌరవం కూడా ఉంది. కానీ అలాంటి బలగం, అలాంటి సమయం ప్రతి చోటా ఉండదు. గొడవ అంటుకున్నాక డప్పు పని చేయదు, మొదలవ్వకముందే పని చేస్తుంది. నేను ఆ తేడా చెబుతున్నా. లంక తమ్ముడు చెప్పింది మాత్రం నాకు బాధ కలిగించింది, ఒక రాత్రి కోసం ఇచ్చిన అధికారాన్ని పక్షం రోజులు లాగితే అది శాంతిభద్రతలు కాదు, బద్ధకం.

ట్వెర్_మెడికో

హాయ్ అందరికీ, నేను రష్యాలో ఎంబీబీఎస్ చేస్తున్నా. ఇక్కడ మన తెలుగువాళ్లం చాలామందిమి ఉన్నాం. శీను అన్న చెప్పిన ఒకే తలుపు మాట మా కళ్ల ముందే జరుగుతోంది. 2025 ఆగస్టులో వాట్సాప్, టెలిగ్రామ్ కాల్స్ ఆపేశారు, మోసగాళ్లు ఫోన్లు చేసి జనం డబ్బు కాజేస్తున్నారని కారణం చెప్పారు. మోసాలు నిజమే, ఇక్కడి ముసలివాళ్లు చాలామంది నష్టపోయారు. కానీ సరిగ్గా సెప్టెంబర్ 1 నుంచి అమ్మే ప్రతి కొత్త ఫోన్‌లో మాక్స్ అనే దేశీయ యాప్ ముందే వేసి ఇవ్వాలని రూల్. దాన్ని చేసింది వీకే అనే ఇక్కడి సోషల్ మీడియా కంపెనీ. మా క్లాస్ గ్రూప్ కూడా అందులోకే మారాలని చెప్పారు, చేరకపోతే టైంటేబుల్ తెలియదు. నేను రెండో ఫోన్‌లో వేసుకున్నా, అందరికీ రెండో ఫోన్ ఉండదు కదా.

అదిగాక డ్రోన్లు వస్తున్నాయని మొబైల్ నెట్ తరచూ ఆపేస్తారు. అప్పుడు అనుమతి లిస్టులో ఉన్న సైట్లు మాత్రమే తెరుచుకుంటాయి, ప్రభుత్వ సేవలు, టాక్సీ, వీకే లాంటివి. నాన్నకి వీడియో కాల్ అంటే హాస్టల్ వైఫై దగ్గర మంచి టైం కోసం కాచుకోవడమే.

నెట్‌వర్క్_శీను

చెల్లీ, జాగ్రత్తగా ఉండు, నీ ఊరు, కాలేజీ వివరాలు ఇక్కడ రాయకు. రష్యా గురించి ఒకటి చెప్పాలి, ఈ ఆపేసే పని ఎంత మొరటుగా ఉంటుందో తెలియడానికి. 2021 మార్చిలో ట్విట్టర్ మీద కోపంతో దాన్ని నెమ్మదింపజేశారు. ట్విట్టర్ తన లింకులకి టి.కో (t.co) అనే పొట్టి అడ్రస్ వాడేది. నేను మొదట చెప్పిన ఇన్‌స్పెక్షన్ పెట్టెల్లో రూల్ రాసినవాళ్లు అడ్రస్ మొత్తం సరిచూడకుండా, పేరులో ఎక్కడైనా ఆ అక్షరాల వరస కనిపిస్తే నెమ్మదించు అని రాశారు. మైక్రోసాఫ్ట్ పేరు చివర టీ, తర్వాత చుక్క, తర్వాత కామ్‌లోని మొదటి రెండు అక్షరాలు, అదే వరస! రెడ్డిట్‌కీ అంతే. ట్విట్టర్‌తో ఏ సంబంధం లేని ఈ సైట్లు కూడా దేశమంతా నత్తనడక నడిచాయి. 2018లో టెలిగ్రామ్ ఆపడానికి అమెజాన్, గూగుల్ క్లౌడ్‌లకి చెందిన కోటిన్నరకి పైగా ఐపీ అడ్రస్‌లు మూసేశారు. అంగళ్ల సైట్లు, ఆన్‌లైన్ సేవలు పడిపోయాయి, టెలిగ్రామ్ మాత్రం నడుస్తూనే ఉంది. 2020 జూన్‌లో నిషేధం ఎత్తేశారు.

ఒక దేశం చేసిన తప్పు ఆ దేశంలోనే ఉంటుందనుకోకండి. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ తన దేశంలో యూట్యూబ్ ఆపుదామని, యూట్యూబ్ అడ్రస్‌లకి దారి మా దగ్గరే ఉంది అని తన రూటర్లలో (నెట్ ట్రాఫిక్‌కి దారి చూపే యంత్రాల్లో) ఒక తప్పుడు ప్రకటన పెట్టింది. లోపల ఉండాల్సిన ఆ ప్రకటన పైనున్న పెద్ద ప్రొవైడర్ ద్వారా బయటికి పొక్కింది. రూటర్లు ఎప్పుడూ ఎక్కువ కచ్చితమైన దారినే నమ్ముతాయి, యూట్యూబ్ తన 1,024 అడ్రస్‌లకి కలిపి ఒక దారి చెబితే పాకిస్తాన్ అందులో 256కి మాత్రమే చెప్పింది, కాబట్టి ప్రపంచం పాకిస్తాన్‌ని నమ్మింది. రెండు గంటల పాటు యూట్యూబ్‌కి పోవాల్సిన ట్రాఫిక్ పాకిస్తాన్‌కి పోయి చచ్చింది. ఈ రంగంలోకి వచ్చిన ప్రతివాడికీ మా సీనియర్లు మొదట చెప్పే కథ ఇదే.

సబ్‌స్టేషన్_రాజు

మీరంతా మాట ఆపడం గురించి రాస్తున్నారు, నాకు కరెంటు భయం. నేను 132 కేవీ సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ చేస్తాను. 2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్ పశ్చిమాన ఇవానో ఫ్రాన్‌కివ్‌స్క్ వైపు డిస్ట్రిబ్యూషన్ కంపెనీ కంట్రోల్ రూంలో ఆపరేటర్ కూర్చుని ఉంటే, మౌస్ ముట్టుకోకుండానే తెర మీద బాణం గుర్తు కదిలింది. చూస్తుండగానే ఒక్కో బ్రేకర్ (లైన్‌కి కరెంటు ఆపే, ఇచ్చే పెద్ద స్విచ్) మీదకి పోయి తెరుస్తోంది. ఆయన మౌస్ లాక్కోబోతే పని చేయలేదు, తర్వాత లాగౌట్ చేసేసి పాస్‌వర్డ్ కూడా మార్చేశారు. మూడు కంపెనీల మీద ఒకేసారి దాడి, రెండు లక్షల ఇరవై వేలకి పైగా కనెక్షన్లకి చలికాలం సాయంత్రం కరెంటు పోయింది. నెలల ముందు వచ్చిన ఒక ఈమెయిల్ అటాచ్‌మెంట్‌తో లోపలికి దూరారట. ఉక్రెయిన్ రష్యా పని అంది, అమెరికా 2020లో రష్యా సైనిక నిఘా అధికారుల మీద కేసు పెట్టింది.

కొన్ని గంటల్లోనే కరెంటు ఎలా వచ్చిందంటే లైన్‌మెన్లు బండ్లు వేసుకుని సబ్‌స్టేషన్లకి పోయి చేత్తో బ్రేకర్లు వేశారు. మా దగ్గర ఇప్పుడు అన్నీ ఆటోమేషన్ చేస్తున్నారు, మనుషులు లేని సబ్‌స్టేషన్లు అంటున్నారు, మంచిదే, కానీ చేత్తో వేయడం వచ్చినవాళ్లని అట్టే పెట్టండని నేను ప్రతి ట్రైనింగ్‌లోనూ అడుగుతా. దేశాన్ని కాపాడాలంటే డబ్బూ మనుషులూ ఇక్కడ పెట్టాలి. జనం ఫోన్లలో మాటలు వింటే బ్రేకర్ ఆగదు.

మోడరేటర్

రాజు గారూ, చాలా మంచి పోస్ట్. కరెంటు, బ్యాంకుల మీద దాడుల గురించి వేరే చర్చ తెరుస్తాను, అక్కడ ఇంకా వివరంగా రాయండి. ఇక్కడ ఆపడం, వినడం మీదే ఉందాం. రాజకీయ పార్టీల పేర్లతో తిట్లు పెట్టిన రెండు పోస్టులు తీసేశాను.

జగిత్యాల_పోరడు

అందరికీ థాంక్స్, బావకి వీపీఎన్ వద్దని చెప్పిన, చందాల సంగతి కూడా చెప్పిన. ఇంకో డౌట్. మన దేశంలో కూడా ఫోన్లలో ఒక ప్రభుత్వ యాప్ ముందే వేసి ఇస్తారని వార్త వచ్చింది కదా, ఏమైంది? దానికీ ఆ మాక్స్‌కీ తేడా ఉందా?

నెట్‌వర్క్_శీను

సంచార్ సాథీ. తేడా ఉంది తమ్ముడూ, న్యాయంగా మాట్లాడాలి. అది ముచ్చట్లాడుకునే యాప్ కాదు, పోయిన ఫోన్‌ని బ్లాక్ చేయడానికి, మన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసుకోవడానికి పనికొస్తుంది. నేనే మా నాన్న పేరు మీద ఎవరో తీసుకున్న సిమ్‌ని ఆ సైట్‌లో చూసి తీయించాను. 2025 నవంబర్ చివర్లో టెలికం శాఖ దాన్ని ప్రతి కొత్త ఫోన్‌లో తప్పనిసరిగా వేయాలని కంపెనీలకి ఆదేశం ఇచ్చింది. గోల గోల అయ్యింది, డిసెంబర్ 3న తప్పనిసరి అన్న మాట వెనక్కి తీసుకున్నారు. మంచి యాప్ అయితే జనమే వేసుకుంటారు, నేను వేసుకున్నట్టు. తీయడానికి వీల్లేదు అన్న క్షణం నుంచి నేను దాన్ని వేరే కళ్లతో చూస్తా, రేపు ఒక అప్‌డేట్‌లో ఏ పర్మిషన్ చేరుస్తారో నా చేతిలో ఉండదు కాబట్టి.

మెట్‌పల్లి_అక్క

ఎస్సై గారూ, మీరు పెద్దవారు, ఒకటి అడుగుతా ఏమనుకోకండి. మన తెలంగాణలోనే ఫోన్ ట్యాపింగ్ కేసు నడుస్తోంది కదా. చట్టం ఉంది, అనుమతి ఉంది అని పోలీసులంటారు. అనుమతి ఇచ్చేది ఎవరు, తీసుకునేది ఎవరు?

రిటైర్డ్_ఎస్సై

అమ్మా, అనుకోవడానికి ఏముంది, అడగాల్సిన ప్రశ్నే. పద్ధతి ఇదీ. ఒకరి ఫోన్ వినాలంటే కేంద్రంలోనో రాష్ట్రంలోనో హోం సెక్రటరీ రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వాలి. 1996లో పీయూసీఎల్ అనే పౌర హక్కుల సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఈ కట్టుబాట్లు పెట్టింది, రివ్యూ కమిటీ ఉండాలంది. నా సర్వీసులో ఆ పద్ధతిలో విని కిడ్నాపైన పిల్లవాణ్ణి తెచ్చిన కేసు చూశాను, కాబట్టి ట్యాపింగే వద్దని నేను అనను. మన రాష్ట్రం కేసు 2024 మార్చి నుంచి దర్యాప్తులో ఉంది, కోర్టు తేల్చాలి, నేను ఎవరినీ దోషి అనను. కానీ రాజకీయ నాయకుల, జర్నలిస్టుల, జడ్జీల ఫోన్లు కూడా విన్నారని, తర్వాత హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని ఆరోపణ వచ్చినప్పుడు నాలాంటివాడు తలదించుకుంటాడు. లోపమంతా ఒక చోట ఉంది. అడిగేది ప్రభుత్వమే, అనుమతి ఇచ్చేది ప్రభుత్వమే, రివ్యూ కమిటీలో కూర్చునేదీ ప్రభుత్వ కార్యదర్శులే. బయటి మనిషి, ఒక జడ్జి, ఆ గదిలో లేడు. ఇల్లు సోదా చేయాలంటే మేజిస్ట్రేటు దగ్గర వారెంట్ అడుగుతాం, ఫోన్‌లో ఇల్లంతా ఉంది ఈరోజు. దీని విషయంలో నేను మీ అందరి వైపే.

లంక_అబ్బాయి

సార్, అలాగే నెట్ బంద్ గురించి కూడా చెప్పండి. మా దగ్గర ఆపినప్పుడు ఆర్డర్ ఎవరిచ్చారో, ఎప్పటిదాకానో ఎక్కడా కాగితం కనపడలేదు. ఫోన్‌లో కంపెనీ నుంచి మెసేజ్ ఒక్కటే, ప్రభుత్వ ఆదేశాల మేరకు అని. ఇంకోసారి జరిగితే ఏం అడగాలి?

రిటైర్డ్_ఎస్సై

రాసుకో బాబూ. కాశ్మీర్‌లో 2019 ఆగస్టులో మొత్తం ఆపేశాక, అనూరాధా భసీన్ అనే ఎడిటర్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2020 జనవరి 10న తీర్పు ఇచ్చింది. గడువు లేకుండా నెట్ ఆపడం కుదరదు, ప్రతి ఆర్డర్‌నీ ప్రచురించాలి అని. అక్కడ ఆ తీర్పు తర్వాత కూడా మొదట ఎంపిక చేసిన కొన్ని సైట్లు మాత్రమే, అదీ 2జీ వేగంతో ఇచ్చారు, 4జీ వచ్చేసరికి 2021 ఫిబ్రవరి 5 అయింది. తీర్పు వస్తే చాలదు, వెంటపడాలి.

ఇప్పుడు 2024 నవంబర్ రూల్స్ ఉన్నాయి. మామూలుగా ఆర్డర్ ఇవ్వాల్సింది రాష్ట్ర హోం సెక్రటరీ, కలెక్టరు గారో ఎస్పీ గారో సొంతంగా ఇవ్వడం కాదు. కారణం రాయాలి, ఏ ప్రాంతమో రాయాలి, ఆర్డర్ ప్రచురించాలి, 15 రోజులు దాటకూడదు. ఐదు రోజుల్లో రివ్యూ కమిటీ చూడాలి. మొదటి రోజే హోం శాఖ వెబ్‌సైట్‌లో ఆర్డర్ ఉందో లేదో చూడండి, లేకపోతే ఆర్టీఐ పెట్టండి, ఆర్డర్ కాపీతో పాటు రివ్యూ కమిటీ ఏ తేదీన కూర్చుంది, ఏం రాసింది అని విడిగా అడగండి. చాలా చోట్ల ఆ రెండో కాగితమే ఉండదు. హైకోర్టుకి పోయే లాయరుకి మీరు ఇవ్వాల్సింది అదే.

పాలమూరు_టీచర్

నెట్ ఆపినప్పుడు ఆన్‌లైన్ ఆర్టీఐ పని చేయదు కదా సార్, రిజిస్టర్డ్ పోస్టులో పంపమని కూడా చెప్పండి. పది రూపాయల ఫీజుకి పోస్టల్ ఆర్డర్ జత చేయాలి. నమూనా దరఖాస్తు తెలుగులో టైప్ చేస్తున్నా, రేపు సాయంత్రానికి ఇక్కడ పెడతాను, తప్పులుంటే ఎస్సై గారు దిద్దాలి.